నాలుగో హెడ్‌ఫోను

"గొప్పలు సెప్పుకోడం నాకు సేతకాదు బావా. ఉన్నదున్నట్టు సెప్తాను. ఇంటే ఇను, లేదంటే టీ తాగేసి పో," అని మొదలెట్టాడు వరహాలు.

పోర్టు గేటుకి ఎదురుగా అప్పాయమ్మ టీ బడ్డీ. వరహాలు ఓడల్లో సరుకు దింపే కలాసీ. ఆ సాయంత్రం అతని మెడలో మూడు హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. మూడూ ఒకే జపాను కంపెనీవి, మూడూ పసుపు రంగువి, కలిపేస్తే ఏది ఏదో చేసినవాడికి కూడా తెలీదు. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన ట్రాన్సిస్టరు రేడియో ఉంది. అదే కంపెనీది నాలుగోది ఇస్తానని ఓడ మనిషొకడు ఆశపెట్టాడు, బదులుగా ఈ రేడియో ఇచ్చెయ్యాలి. కాసేపట్లో వచ్చేస్తాడు.

రేడియో వరహాలుది కాదు. అతని భార్య చిట్టెమ్మది; పెళ్ళప్పుడు ఆమె అన్న ఎల్లాజీ కొనిచ్చినది. పొద్దుగూకితే జాలారిపేటలో ఆ వీధి ఆడవాళ్ళంతా దాని చుట్టూ చేరి తుఫాను కబురు వింటారు. అది విన్నాకే మగాళ్ళు వేటకి బోటు దింపుతారు. ఆ ఎల్లాజీయే ఇప్పుడు ఎదురు బల్ల మీద టీ గ్లాసు పట్టుకుని, ఆ తువ్వాలు మూట వైపే చూస్తూ కూర్చున్నాడు. పక్కన స్టీలు ప్లాంటు పునాదుల దగ్గర భూమిలోకి దిమ్మెలు దిగ్గొట్టే పైలింగు మిషను మీద పనిచేసే వీర్రాజు.

"నాలుగూ ఒక్కలాంటివే కదా, ఇన్నెందుకు బావా?" అన్నాడు ఎల్లాజీ.

"ఒక్కలాంటివా! ఒక తల్లి కడుపున పుట్టినోళ్ళకి ఒక్క బుద్ధే ఉంటాదేటి? ముందు మొదటిదాని సంగతి ఇను. గంధకం ఓడొచ్చినాది సూడు, దాని ఇంజినుగదిలో సీఫు ఇంజినీరు నిచ్చెన మీంచి జారిపోతన్నాడు. నాను కాలరు పట్టుకుని పైకి లాగినాను, అంతే. పెద్ద పనేటి కాదు. ఆడు ఏడ్సీసి, తన సెవులకున్నది తీసి నా మెడలో ఏసీసినాడు."

"మొన్న ఎండు నెత్తళ్ళ గంపకి మార్సినానన్నావు?" అన్నాడు ఎల్లాజీ.

"గంప నాను మర్యాదకిచ్చినాను బావా! ఉత్త సేతుల్తో తీసుకుంటారా ఎవులైనా? ఆ తర్వాత ఏటైందో తెల్సా? ఇంటికెల్లి పెట్టుకున్నానా, పాట! ఎక్కడి పాటనుకున్నావు, సింగపూరు పాట. నాకు భాష రాదు గానీ అర్థవైపోతంది."

"తీగేది బావా?" అన్నాడు వీర్రాజు, అవి చూసి ముసిముసిగా నవ్వుతూ.

"తీగా? తీగ మీ గాజువాకోళ్ళకి. ఇది జపాను సరుకు, గాల్లోంచి పీల్సుకుంటాది. నోరు ముయ్యి. ఇంక రెండోది. దీనికి నా పందెం కోడిపుంజుని ఇచ్చినాను, ఒప్పుకుంటాను. అయితే ఇది పాటలు పాడదు. దీని పని నీళ్ళలోది. రేవులో మెట్ల మీద కూకుని పెట్టుకున్నాను. అడుగున వంజరం సేపలు కబుర్లాడుకుంతన్నాయి! పైడితల్లమ్మ మీద ఒట్టు. ఒకటంతంది, 'ఒలే, ఎల్లాజీ వల ఏత్తన్నాడే.' ఇంకోటి అంతంది, 'ఆడి వలకి అన్నీ కన్నాలేనే, పిల్లల్ని కూడా పంపించీ ఆడుకుంటాయి.'"

అప్పాయమ్మ పకపకా నవ్వింది. ఎల్లాజీకి కోపమొచ్చింది గానీ, వలకి కన్నాలున్న మాట నిజమే కనక ఊరుకున్నాడు.

"మరి మూడోదానితో ఏటి సేసినావు?" అంది అప్పాయమ్మ.

"అదడుగు! పోనేడు తుఫాను మన మీదకి రాకుండా ఎల్లిపోనాది, గేపకవుందా? ఎలగెల్లిపోనాదో ఎవులికైనా తెల్సా? నాను సెప్పుకోలేదు కాబట్టి తెలీదు. మూడోది పెట్టుకుని డాబా ఎక్కినాను. సముద్రం మద్దిలోంచి గొంతు. 'ఇసాపట్నం ఎటేపండీ?' అని తుఫాను దారడుగుతంది! నా గుండె జల్లుమన్నాది. దీన్ని తిరగేసి పెట్టుకుని, ఈ సెవి డిప్పలో నోరెట్టి అరిసినాను. 'ఇక్కడ కాదే, మా సిట్టెమ్మ నీళ్ళోసుకుంది, బర్మా ఎల్లిపో!' అన్నాను. అదేటందో తెల్సా? 'అలాగే వరాలుబావా, ముందే సెప్పలేకపోయావా' అని తిరిగెల్లిపోనాది."

"తుఫానుకి కూడా నువ్వు బావవేనేటి!" అన్నాడు వీర్రాజు.

"మరే! ఇప్పుడు నువ్వే సెప్పు ఎల్లాజీబావా, మూడు దిక్కులు నా సెవిలో ఉన్నాయి. ఒక్క దిక్కు మిగిలిపోనాది. నాలుగోది తీసుకోవాలా వద్దా? ఈ డొక్కు రేడియో ఎందుకు మనకి? ఆకాశవాణోళ్ళు నన్నడిగి సెప్పాల తుఫాను సంగతి."

ఎల్లాజీ మొహం వాడిపోయింది. ఆ రాత్రే బోటు దింపాలి. ఇద్దరు తమ్ముళ్ళూ, బాబాయీ కూడా వస్తున్నారు.

వీర్రాజు అతని మోకాలు తట్టి, "అయితే బావా, ఒకపాలి పెట్టుకుని సూడు. ఇయ్యాళ తుఫానుందో లేదో సెప్పు. నువ్వు సెప్తే మాకు సాలు," అన్నాడు.

వరహాలుకి అంతకన్నా ఏం కావాలి! మూడోది తీసి రెండు డిప్పలూ చెవులకి బిగించి, కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు తలాడించడం మొదలెట్టాడు.

వీర్రాజు గొంతు తగ్గించకుండానే అన్నాడు. "బావా! మా పైలింగు కాడ దెబ్బలకి సెవులు సిల్లులు పడకుండా దొరలు పెట్టుకునేవి ఇవే. ఓడ ఇంజినుగదిలో కూడా అందుకే. ఇందులోంచి పాట రాదు, బైట పాట లోపలికి పోదు. అవునా?"

వరహాలు హాయిగా తలూపాడు.

"నీయంత కోతల మడిసి ఈ రేవులో ఇంకోడు లేడు. అవునా వరాలూ?" అంది అప్పాయమ్మ.

దానికీ తలూపాడు.

ఎల్లాజీ లేచి దగ్గరికి వచ్చాడు. "బావా, ఈ రేడియో మా సెల్లెలికే ఇచ్చేత్తన్నాను. నీకు సమ్మతవే కదా?"

వరహాలు రెండుసార్లు తలూపి, చెయ్యి కూడా ఊపాడు. ఎల్లాజీ మూట మెల్లిగా ఒళ్ళోంచి తీసి, విప్పి, రేడియో పెట్టాడు. బంగాళాఖాతంలో వాయుగుండం, గంటగంటకీ బలపడుతోంది, జాలర్లు వేటకి వెళ్ళరాదు అని రెండుసార్లు చెప్పింది. ఎల్లాజీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

అప్పుడే వరహాలు కళ్ళు తెరిచి, చెవులు మూసుకున్నవాళ్ళు అరిచినట్టు గేటు దాకా వినపడేలా అరిచాడు. "తుఫానూ లేదు గిఫానూ లేదు! సముద్రం పడుకున్న పాపలాగున్నాది! బోటు దింపీ బావా!"

ఎల్లాజీ ఒక డిప్ప పక్కకి లాగి రేడియో అతని చెవి దగ్గర పెట్టాడు. మూడోసారి చెప్తోంది. వరహాలు వింటున్నకొద్దీ మొహం పాలిపోయింది. ఖాళీగా ఉన్న ఒళ్ళోకి చూసుకున్నాడు.

ఎల్లాజీ రేడియో చంకలో పెట్టుకున్నాడు. "పద బావా, బోట్లు ఒడ్డుకి లాగాల. మూటలో ఏటి పట్టుకెల్లినావో, ఎందుకో సిట్టెమ్మకి తెలిసిపోనాది. నిన్ను తిట్టడానికి గుమ్మంలో నిలబడున్నాది. ఆ నాలుగోది కూడా తెచ్చేసుకో, ఈ రాత్రికి నీకు మూడు సాలవు."