అమ్మోరు ఎక్కని జీపు

తీసీ హరిబాబూ, ఆ రెండు రబ్బరు బుడగలూ తీసీ. స్ప్రింగుల మజ్జిన దూర్చింది నువ్వే కదా, నువ్వే బయటికి లాగు. టీ వద్దు. టీ తాగడానికి రానేదు నాను.

ఏటయిందంటావేటి? ఈ అరసవల్లి షెడ్డులో కూకున్నోడికి ఏటి తెలుస్తాది. అక్కడ సముద్రం ఒడ్డున మా పేటంతా నా మొకాన ఉమ్మేస్తంది.

నానే ఎయ్యమన్నాను, కాదన్నానా? సేపల బుట్టలూ, ఐసూ, పైన నలుగురు మనుసులూ ఎక్కితే ఎనక కుంగిపోతంది, నాలుగు సక్రాలూ లాగినా ఇసకలో తోక ఈడుస్తంది, ఏటన్నా సెయ్యి అన్నాను. బుడగలు ఎట్టినావు, గాలి కొట్టినావు, బండి నిటారుగా నిలబడింది. మెచ్చుకున్నాను కూడాను. ఆ నోటితోటే ఇప్పుడు తిడతన్నాను, పడు.

మా అమ్మోరి పండగ సంగతి నీకు సెప్పనేదా? ఇన్నేళ్ళయి నా బండి కింద పడుకుంటన్నావు, ఇది సెప్పనేదేటి నాను. సరే విను.

సేపల ఏట బందు రెండు నెలలూ అయ్యాక, పడవలు నీట్లోకి దింపే ముందర, గంగమ్మోరి ఘటం బండి మీద ఊరేగిస్తాం. పూజారి దాలయ్య ఘటం నెత్తిన ఎట్టుకొని ఎనకనించి ఎక్కుతాడు. ఎక్కగానే బండి కసింత కిందకి దిగాల. దిగిందా, అమ్మోరు ఎక్కినట్టు. అప్పుడే పడవలు దింపుతారు. మా తాత రోజుల్లో ఎడ్లబండి, ఇరుసు కిర్రుమనీదట. ఇప్పుడు నా జీపు. ఏ యేడూ దిగకుండా ఉండనేదు.

దాలయ్యని నువ్వు సూడనేదు. ఎముకల మీద పంచి సుట్టినట్టుంటాడు. అలగంటోడు కాలెడితే బండి కుంగిందంటే అది అమ్మోరి బరువు కాక మరేటి? అలగే అనుకున్నాం. నానూ అలగే అనుకున్నాను హరిబాబూ. స్టీరింగు కాడ కూకొని, నడుం కింద సీటు దిగడం తెలిసీది నాకు. తెలిసీసరికి కళ్ళంట నీళ్ళొచ్చీవి.

మొన్నాదివారం ఎక్కినాడు. సీటు కదల్నేదు.

డప్పులు ఆగిపోయినాయి. దాలయ్య దిగి, కాళ్ళు కడుక్కొని మల్లీ ఎక్కినాడు. నేదు. కోడిని కోసి మల్లీ ఎక్కినాడు. బండి అలగే బిగుసుకొని నిలబడింది. ఎవుడో ఫోనులో వీడియో తీసినాడు. పొద్దుగూకక ముందే పక్కపేట వాట్సాపులో మేమే.

ఆ తరవాత సూడాల ఆళ్ళ మొకాలు. ఈ లక్ష్ముడి ఇంట్లో, అంటే నా ఇంట్లో, ఏదో మైల ఉన్నాదన్నారు. మా అమ్మడిని వీధిలో నిలబెట్టి అడిగినారు, నా పెళ్ళాన్ని, ఎప్పుడు తలకి పోసుకున్నావు, ఎప్పుడు వంటింట్లో కాలెట్టినావని. అడిగింది ఎవులనుకున్నావు? ఆ ముందరోజు మా ఇంట్లో పులుసు జుర్రుకొని ఏళ్ళు నాకినోళ్ళు. అది తలెత్తనేదు. లోనికొచ్చి గోడవేపు తిరిగి కూకుంది. అసయ్యం. మనుసులంటేనే అసయ్యమేసింది.

అప్పణ్ణించీ పడవలు ఇసక మీదే ఉన్నాయి. పక్కపేటోళ్ళు కానాగంత సేపలు దింపుకొంటంటే మావోళ్ళు ఒడ్డున కూకొని సూస్తన్నారు. పొయ్యి ఎలగని ఇళ్ళున్నాయి. అయినా ఒక్కడు కాలు తడపడు. తిడదామంటే నోరు రాదు. పోయినేడు తిత్లీ తుపానుకి మా పేట ఎలగయిందో నువ్వూ ఎరుగుదువు. అమ్మోరు తోడు నేకుండా మల్లీ ఆ నీట్లోకి ఎలగెల్తారు?

ఏటి, నవ్వుతన్నావా? నవ్వకు.

గాలి తగ్గించమని సెప్పినావా? ఎప్పుడు సెప్పినావు?

అవును, సెప్పినావు. బరువు నేనప్పుడు కసింత గాలి తీసీమన్నావు, అంత గాలి ఖాళీ బండికి పనికిరాదన్నావు. తియ్యనేదు. ఎత్తుగా నిలబడితే సూడ్డానికి బాగున్నాదని అలగే తిప్పినాను. పండగ నాడు కడిగి, పూలదండ ఏసి, అలగే తీసుకెల్లినాను. ఆ బుడగల సంగతే గుర్తు నేదు నాకు.

గుర్తు సేసింది ఎవులో తెలుసా? మా పేట పెద్ద, సోములు. ఊరందరి ముందర, అమ్మోరికి కోపమొచ్చిందిరా అని గుండెలు బాదుకున్నోడు. నిన్న సాటుకి పిలిసి నెమ్మదిగా అన్నాడు, "ఒరే లక్ష్ముడూ, బండి ఎనకాల ఏదో కొత్తది ఏయించినావట కదా. తీయించుకొని రా. ఎల్లుండి మల్లీ ఘటం ఎక్కిద్దాం. ఎవులికీ సెప్పకు."

మరి నీకు తెలుసా మావా అన్నాను. బండి దిగితే పడవలు దిగుతాయి, మిగతావి నీకెందుకురా అన్నాడు. అంటే దిగీది బండే గానీ అమ్మోరు కాదని ఎడ్లబండి నాటి నుంచీ తెలుసు ఆయనకి. అమ్మడిని వీధిలో నిలబెట్టినప్పుడూ తెలుసు. తెలిసీ అరుగు మీద కూకొని సుట్ట కాల్సుకున్నాడు. ఆడి పాదం ముట్టుకున్నాను నాను, ప్రతి పండక్కీ. నా సెయ్యి నాకే రోతగా ఉన్నాది.

ఏటి? ఇప్పక్కర్నేదా?

ఎక్కడ? నంబరు పలక ఎనకాలా? ఇదా, సైకిలు ట్యూబు మూతిలాగున్నాది. దీన్ని నొక్కితే సాలా? గాలి మొత్తం తీయకూడదా? సరే, కసింత ఉంచు, నీ ఇష్టం. బుడగ సిరిగిపోతే మల్లీ నీ కాడికే రావాల.

ఉండు, నువ్వు నొక్కు. నాను పక్కనుండి సూస్తాను.

...

దిగింది.

సూసినావా? ఎవులూ ఎక్కనేదు. దాలయ్య నేడు, ఘటం నేదు, డప్పు నేదు. నీ బొటనేలు ఎట్టినావు, ఉస్సుమంది, దిగింది. పండగనాడు దిగినట్టే, అంతే మెల్లగా.

రేపు ఎక్కిస్తారు. దాలయ్య కాలెడతాడు, పాత స్ప్రింగులు కదా, కుంగుతాయి. ఆడోళ్ళు ఏడుస్తారు. అమ్మడికి పసుపు రాస్తారు, అడిగినోళ్ళే. అదీ ఏడుస్తాది సంతోసంతోటి, నాను దానికి సెప్పను. సెప్తే ఆ పసుపు దాని ఒంటికి అంటదు. మద్దినేళకి పడవలన్నీ నీట్లో ఉంటాయి. సోములు ఒడ్డునే ఉంటాడు. ఆడు ఏటకెల్లడం మానీసి సానా కాలమయింది, ఆడికి తెలిస్తే ఏటి, తెలకపోతే ఏటి.

నాను ఎల్లాల.

ఇన్నాళ్ళూ కెరటం లెగిసినప్పుడల్లా, అమ్మోరు ఎక్కింది కదరా, ఏటీ కాదు అనుకునీవోణ్ణి. ఆ మాట అనుకొని కెరటానికి ఎదురు తెడ్డు ఏసీవోణ్ణి. రేపు నా పడవలో నాతో కలిపి అయిదుగురు ఎక్కుతారు. నలుగురికీ అమ్మోరు తోడుంటాది. నాకేటుంటాది హరిబాబూ, నువ్వు తీసిన గాలా?

సర్లే. మూత బిగించీ. ఎల్తాను, ఘటానికి పూలు తేవాల.