గడియారం సారు ఎవరింట్లో ఉంటాడు

హలో… ఆ, నేనే. ఈ వేళప్పుడు ఈ ఇంట్లో ఫోనెత్తడానికి నేను కాక ఇంకెవరుంటారు వదినా?

…

మీ తమ్ముడా? ఆఫీసుకెళ్ళారు. వెళ్ళేముందు అరగంటసేపు పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఆయన చదివాక ఆ పేపరు మీరు చూడాలి, పొట్లం కట్టడానికి కూడా పనికిరాదు. ముందు కార్టూను, తర్వాతే దేశం. పగలబడి నవ్వి, టీ ఒలకబోసి, తడిసిన పేజీ తెచ్చి నా మొహం ముందు పెట్టి— "చూడు, అచ్చం మా మేనేజరే!" పెళ్ళైన కొత్తలో నన్ను చూసి కూడా అంత ఆనందపడలేదు. అసలు అత్తయ్యగారు ఈయన్ని పెంచేటప్పుడు—

…

సరే. చెప్పండి. కోపంగా ఉన్నట్టున్నారు.

…

ఏ కార్టూను?

…

ఆ, 'బల్లకు అవతల'. అదే. రోజూ మూడు గళ్ళు. గడియారం మొహంతో ఒక సారు, ఆయన ఏమన్నా తలూపే గుమస్తా ఒకడు. బాగుంటుంది కదా?

…

బాగోదా. సరే. అందరికీ అన్నీ నచ్చాలని ఎక్కడుంది?

…

ఎవరు గీస్తారో నాకేం తెలుసు వదినా! కింద సంతకం ఉంటుందిగా, 'చీమ' అని.

…

ఏ చీటీలు?

…

ఓహో. నా వంటింటి డబ్బాల మీద చీటీలు. పోయినసారి వచ్చినప్పుడు పంచదార కావాలని ఒక్కో డబ్బా తిప్పి తిప్పి చూస్తుంటే, పాపం, చూపు మందగించిందేమో అనుకున్నాను. కార్టూన్లో అక్షరాలతో పోల్చుకుంటున్నారన్నమాట. ఇంటికి పిలిచి టీ ఇస్తే తనిఖీ చేసుకుని వెళ్ళారు.

…

అవును. నేనే. …రెండేళ్ళవుతోంది.

…

లేదు, ఆయనకు తెలియదు.

…

"ఇంట్లో కూర్చుని తిని" — పూర్తి చేయండి, మధ్యలో ఆపారేం?

…

ఆ, బీయే చదివాను. మా పెళ్ళిచూపుల రోజు మీరే అన్నారు కదా, ఈ పిల్ల చదువుకి వంటింట్లో ఏం పని దొరుకుతుందీ అని. దొరికింది వదినా.

…

అరవకండి. నాకు వినపడుతోంది. మీ ఆఫీసు గది బయట కూడా వినపడుతూ ఉంటుంది.

…

మిమ్మల్నా? మిమ్మల్ని నేనెందుకు గీస్తాను?

…

మీ ఆఫీసులో బీరువా తలుపుకి అంటించారా? ఆ నీళ్ళ ఫిల్టరు మీద కూడానా? …అయితే మీ వాళ్ళకి నచ్చిందన్నమాట. …కాదు, వెటకారం కాదు. ఎవరన్నా మీతో నేరుగా అన్నారా, ఈ సారు మీరేనని?

…

మరి? …మీరు రాగానే నవ్వు ఆపేస్తున్నారా. కార్టూను రాకముందు కూడా ఆపేసేవాళ్ళేమో. మీరు చూసుకుని ఉండరు.

…

ఆ మాట నేను నోరు జారి అనలేదు. కావాలనే అన్నాను. మీరు ఫోను చేసిన దగ్గర్నుంచీ కావాలని అన్నవి నేను లెక్కేసుకోవడం లేదు కదా.

…

నాకెవరు మోస్తారు మీ ఆఫీసు సంగతులు?

…

ఎవరూ? స్టోర్సు గుమస్తానా? …ఎవరు, మీరు మా ఇంట్లో కళ్ళజోడు మర్చిపోతే తీసుకెళ్ళడానికి వచ్చారే, సన్నగా, పొడుగ్గా, ఆయనా?

…

వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. మంచినీళ్ళు ఇచ్చాను, గ్లాసు కడిగి ఇస్తానన్నారు. కళ్ళజోడు రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు. మీ గురించి ఆయన అన్నది ఒక్కటే మాట: "మేడంగారు జోడు లేకపోతే ఇబ్బంది పడతారమ్మా" అని. ఇంతకన్నా పెద్ద గూఢచారిని నేనింకా చూడలేదు.

…

ఏం చేశారాయన్ని?

…

ఎప్పుడు?

…

ఇవాళే. …హాల్లోనా? అందరి ముందూనా? …తాళాలు లాగేసుకుని, రేపట్నుంచి రావద్దన్నారా?

…

పర్మనెంటు కాదు కాబట్టి నోటిమాట చాలు. ఆహా. ఎంత సదుపాయం!

…

ఇప్పుడెక్కడున్నారాయన?

…

గేటు దగ్గర బెంచీ మీద. సంచీ ఒళ్ళో పెట్టుకుని. …"ఇంకా పోడేం" అని నన్నడుగుతారేంటి? ఎక్కడికి పోతారు వదినా? మిట్టమధ్యాహ్నం ఇంటికెళ్తే ఆవిడ తలుపు తీసి ఏమైందంటుంది. సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. మీ బెంచీ నీడలో ఉన్నట్టుంది, అక్కడ కూర్చున్నారు.

…

లేదు, మీరు వినండి. ఇప్పటిదాకా నేను విన్నాను. ఆ మనిషికి ఇందులో వెంట్రుకంత సంబంధం లేదు. లోపలికి పిలిచి తాళాలిచ్చేయండి.

…

సాక్ష్యమా? సరే. మీకు ఒళ్ళు మండింది ఏ బొమ్మకి?

…

కొత్త పెన్ను కావాలంటే అయిపోయిన రీఫిల్ తెచ్చి చూపించాలి, సారు దాన్ని దీపానికి అడ్డంపెట్టి చూస్తాడు — అది. సోమవారం మీరు మీ ఆఫీసులో అదే ఆర్డరు వేశారు, గురువారం పేపర్లో పడింది. పెన్నులిచ్చేది స్టోర్సాయన. కాబట్టి దొంగ దొరికాడు. అంతేగా?

…

అంతే. వదినా, పేపరువాళ్ళు నెల ముందు బొమ్మలు తీసుకుంటారు. ఇవాళ గీసి రేపు వడ్డించడానికి అదేమన్నా కూరా? ఎండలు మండిపోతుంటే నేను గొడుగులు గీస్తాను, వాన కురుస్తుంటే స్వెట్టర్లు గీస్తాను. ఆ రీఫిల్ బొమ్మ పంపింది పోయిన నెల, మా చిన్నదానికి జ్వరం వచ్చిన వారం. మంచం పక్కన కూర్చుని గీశాను. మీ ఆర్డరు మీ బుర్రలో పుట్టకముందే నా బొమ్మ ఎడిటరుగారి సొరుగులో ఉంది.

…

నన్ను నమ్మొద్దు. నంబరిస్తాను, ఆయన్నే అడగండి. …వద్దా. ఎందుకొద్దు?

…

"మరైతే ఎలా తెలిసింది" — ఇదిగో, ఇది అడగాల్సిన ప్రశ్న. ఆయన్ని బెంచీ మీదకి తోలకముందు అడగాల్సింది.

…

మాట తిప్పడం లేదు, చెప్తున్నాను. మీ చిన్నప్పుడు మామయ్యగారు మీకు కొత్త బలపం ఎలా ఇచ్చేవారు?

…

గుర్తులేదా?

…

మీరే చెప్పారు నాకు, మా పెళ్ళైన ఏడాది, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ. అరిగిపోయిన ముక్క అరచేతిలో పెట్టుకుని వరసలో నిలబడాలి. వేళ్ళతో పట్టుకోవడానికి ఇంకా వీలుందా లేదా అని ఆయన పరీక్ష చేస్తారు. వీలుంటే కొత్తది లేదు. మీరు ముందు, మీ తమ్ముడు వెనక.

…

మా ఇంట్లో అది సబ్బు. పలచబడి, ఆకులా అయిపోయి, దాంట్లోంచి వెలుతురు కనపడాలి. అప్పుడు బీరువా తాళం తీస్తారు మీ తమ్ముడు. దీపానికి అడ్డంపెట్టి చూడటం నేను కల్పించింది కాదు. స్నానాలగది బల్బు కింద రోజూ చూస్తున్నదే.

…

ఆ. గడియారం సారు మీ తమ్ముడే వదినా.

…

కత్తెర ఎవరు జరిపారో తేల్చడానికి సారు గంటన్నర మీటింగు పెట్టాడే, అది ఆదివారం మా హాల్లో జరిగింది. కత్తెర ఆయన చొక్కా జేబులోనే ఉంది. గుమస్తా రెండ్రోజులు సెలవడిగితే "నీ చార్జి ఎవరు తీసుకుంటారు?" అన్నాడే, అది మా చెల్లెలి ఇంటికి వెళ్ళొస్తానన్నప్పటి మాట. గుమస్తా వెనకాలే తిరుగుతూ లైట్లు ఆర్పేస్తాడే — మనిషింకా గదిలోనే ఉండగా…

…

నవ్వారా? …దగ్గా. సరే, దగ్గు.

…

నేను ఆఫీసు లోపలికి ఎప్పుడెళ్ళాను? బ్యాంకుకెళ్తే కౌంటరుకి ఇవతల నిలబడటమే. తెలిసిందే గీశాను. వంటింటి గట్టుని బల్ల చేశాను, నాకు మీసాలు పెట్టాను. మీసాలు పెట్టేసరికి ఎవరూ పోల్చుకోలేదు. ఊరంతా "మా ఆఫీసే, మా ఆఫీసే" అంటోంది, మీతో సహా.

…

మీరిద్దరూ ఒకే చేతికింద పెరిగారు. ఆయన ఇంటికి తెచ్చుకున్నారు, మీరు ఆఫీసుకి పట్టుకెళ్ళారు. మధ్యలో స్టోర్సాయన ఏం చేశారు?

…

చెప్పేస్తారా? మీ తమ్ముడికా?

…

చెప్పండి. సాయంత్రం ఆరింటికి వస్తారు. …లేదు, మాటవరసకి అనడం లేదు. చెప్పండి.

…

భయం లేకేం? ఉంది. రేపు పొద్దున పేపరు తీస్తారు, నవ్వరు, నాకేసి చూస్తారు. ఆ చూపుకి భయమే. రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఆయన మనసారా నవ్వేది ఆ ఒక్క బొమ్మకి. నేను గీసిందని తెలియకపోయినా, ఆ నవ్వు నాదే కదా. పక్కగదిలో నిలబడి వింటాను నేను. రేపట్నుంచి అది ఉండదు.

…

అందుకే ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు మీతో అనకపోతే ఆ మనిషి బెంచీ మీదనుంచి ఇంటికి పోతారు. ఇక దాచుకుని ఏం చేసుకోను?

…

ఇంకా ఏంటి?

…

మంగళవారం బొమ్మ. …ఆ, గుర్తుంది. సారు గది తలుపేసుకుని, ఎదురుగా ఫైలు నిలబెట్టుకుని, దాంతో మాట్లాడుతూ అన్నం తింటాడు. చివరి గడిలో ఫైలుకి ఒక ముద్ద పెట్టబోతాడు.

…

ఏమన్నారు? మెల్లగా అంటే నాకు వినపడదు.

…

స్టోర్సు మీ గదికి ఎదురుగా ఉంటుందా? మీ తలుపు అద్దంలోంచి మీరు తినడం ఆయనొక్కరికే కనపడుతుందా? …అందుకా? పెన్ను కాదు, ఇదా అసలు కోపం?

…

వదినా. అది మీరు కాదు. మీ తమ్ముడూ కాదు.

…

అది నేను. అందరికీ డబ్బాలు కట్టి పంపేశాక, ఇల్లు సర్ది, గిన్నెలో మిగిలింది గిన్నెతోనే పట్టుకుని గట్టు దగ్గర నిలబడి తింటాను. ఎదురుగా క్యాలెండరు. దాంతోనే మాట్లాడతాను, నెల మారితే కొత్తవాళ్ళొచ్చినట్టుంటుంది. గుమస్తాకి ఇస్తే జాలిగా ఉంటుందని సారుకి ఇచ్చాను ఆ బొమ్మ. మీరూ అలాగే తింటారని నాకు తెలియదు. తెలిస్తే వేసేదాన్ని కాదు.

…

…

ఏమైంది? …జలుబా. ఇందాక దగ్గు, ఇప్పుడు జలుబు. ఏసీ తగ్గించుకోండి.

…

సరే, ఇప్పుడు ఆ బెంచీ మీది మనిషి సంగతి చూడండి.

…

ఏమని నోటు పెడతారు? "పొరపాటు జరిగినందున" — ఆగండి. వాన పడింది, కరెంటు పోయింది, పొరపాటు జరిగింది. దానంతటదే జరిగిందా? చేసినవాళ్ళు లేరా?

…

మీ గదికి పిలిపించి చెప్తారా, తలుపేసి? అన్నది హాల్లో కదా వదినా. పేపరువాళ్ళూ ఇంతే. తప్పు మొదటి పేజీలో వేస్తారు, సవరణ లోపలెక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో.

…

లోకువైపోతారా? మీరు రాగానే నవ్వు ఆపేసేవాళ్ళ దగ్గర ఇంకా ఏం లోకువవుతారు?

…

"నువ్వెవరు నాకు చెప్పడానికి" — నిజమే, నేనెవర్ని? డబ్బా చీటీలతో దొరికిపోయినదాన్ని. కానీ ఒకటి వినండి. రెండేళ్ళలో ఒక్క గడిలో కూడా మిమ్మల్ని గీయలేదు. ఇవాళ ఆ మనిషి గేటు దాటి వెళ్ళిపోతే మొదటిసారి గీస్తాను. గడియారం మొహం పెట్టను. మీ మొహమే పెడతాను. నా చెయ్యి మీకు తెలుసు, పోలిక బాగా వస్తుంది.

…

బెదిరింపే. అవును. మన రెండిళ్ళ మధ్యా రాకపోకలు ఉండవంటారా? ఉండకపోనీండి. మీరు తెంపుకుంటే తెగుతాయి, నేను పట్టుకుని వేలాడను. స్టోర్సాయన జీతంతో మాత్రం మన మధ్య గోడ కట్టొద్దు.

…

…

వింటున్నాను.

…

లేచారా? కుర్చీ చప్పుడు వినపడింది.

…

బెల్లు కొట్టి పిలిపించొద్దు. గేటు దాకా మీరే వెళ్ళండి. …ఎండగా ఉంటే ఉంటుంది. ఫోను పెట్టకండి, చేతిలోనే ఉంచుకోండి. …నమ్మకం లేక కాదు. …సరే, నమ్మకం లేకే.

—

—

ఏమంటున్నారు, రానంటున్నారా? …మర్యాదగా పిలవండి మరి. "ఏయ్" అంటే నేనైనా రాను.

—

వస్తున్నారా? …మంచిది. హాల్లోకి పదండి. …ఆ, వాళ్ళు తలెత్తి చూస్తారు, చూడనివ్వండి. ఇందాకా చూశారుగా.

—

గట్టిగా వదినా. నాకే వినపడలేదు, వెనక బల్లలవాళ్ళకేం వినపడుతుంది?

—

—

ఆ. వినపడింది. "తప్పు నాదే. ఈయనేం చేయలేదు. ఈయన్ని అందరి ముందూ అన్నాను, అందుకే అందరి ముందే చెప్తున్నాను, తప్పు నాది" — ఒక్క మాట పోలేదు.

…

ఆయనేమన్నారు?

…

"స్టోర్సు తాళాలిప్పించండి మేడం" అనా? ఇంకేం అనలేదా? …ఇంకేమనాలి వదినా ఆయన?

…

లేదు, నవ్వడం లేదు. …నిజంగా. మీ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు, అంతే.

…

తర్వాత మాట్లాడదాం. ముందు తాళాలెక్కడ పెట్టారో చూడండి. ఆయన నిలబడే ఉన్నారు.