పల్లపు వీధిలో కదిలిన గున్న

వీధిలో అందరూ నన్ను కేకులక్క అంటారు. అసలు పేరు అధికారి గారు పైన రాసుకున్నారు. వయసు నలభై తొమ్మిది. వృత్తి బేకరీ. ఆసుపత్రి నుంచి బస్టాపుకు దిగే పల్లపు వీధిలో, ఎడమవైపు మూడో కొట్టు మాది. నన్ను ఎవరూ పిలిపించలేదు. ఈ రోజు గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను. నెమ్మదిగా చెప్పమని అధికారి గారు ఇప్పటికే రెండుసార్లు అన్నారు. నాకు ఇంతకన్నా నెమ్మది రాదు.

బండి ఇటుక రంగు చిన్న ఎస్‌యూవీ. మేము దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని ఎనిమిదేళ్లు వాడాం. పొట్టిగా, బొద్దుగా ఉంటుందని మా ఆయన దానికి గున్న అని పేరు పెట్టాడు. వెనక సీటు మడిచి మూడంతస్తుల కేకు పెట్టుకుని గతుకుల్లో వెళ్లినా క్రీము మీద గీత పడేది కాదు. దాని గుణగణాలు ఇంకా చెప్పబోతే అధికారి గారు వద్దన్నారు. నాలుగు నెలల కిందట మేము వ్యాను కొనుక్కుని, గున్నను మా పక్క వీధిలో ఉండే ఫిజియోథెరపిస్టు అమ్మాయికి అమ్మాం. ఆమె మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి వ్యాయామం చేయిస్తుంది. రోజుకు ఏడెనిమిది ఇళ్లు తిరగాలి. లైసెన్సు పోతే ఆమెకు పని లేదు.

మొన్న మంగళవారం ఉదయం పదకొండూ పదికి ఆ అమ్మాయి మా కొట్టుకు ఇరవై అడుగుల ఎగువన, మందుల షాపు ముందు బండి ఆపింది. వెనక సీట్లో వాళ్ల నాన్నగారు, కాలికి కట్టుతో నిద్రపోతున్నారు. ఆమె అద్దం నాలుగు వేళ్లంత దించి, బండికి తాళం వేసి లోపలికి వెళ్లింది. నేను కౌంటరు దగ్గర క్రీము సంచి పిండుతూ కేకు మీద పూలు వేస్తున్నాను.

పదకొండూ పద్నాలుగుకు బండి కదిలింది. ఓవెన్ గంట సరిగ్గా ఆ నిమిషానికే మోగింది కాబట్టి టైము ఖాయం. మొదట నా కళ్లను నేనే నమ్మలేదు. డ్రైవరు సీటు ఖాళీ. పెద్దాయన తల అద్దానికి ఆని ఉంది. గున్న మా కొట్టు ముందు నుంచి చప్పుడు లేకుండా దిగిపోతోంది. కింద స్టాపులో ఎనిమిది మందో తొమ్మిది మందో ఉన్నారు, అందరూ బస్సు వచ్చే వైపు చూస్తున్నారు.

నేను పరిగెత్తాను. ఈ వయసులో, ఈ ఒంటితో, చేతిలో క్రీము సంచితో పరిగెత్తాను. ఆ సంచి ఎందుకు వదల్లేదో ఇప్పటికీ తెలియదు. మా ఆయన వెనక నుంచి ఓవెన్ సంగతి ఏదో అడుగుతున్నాడు. ఏప్రాన్ జేబులో తాళంచెవి ఉంది. నొక్కాను. లైట్లు రెండుసార్లు వెలిగాయి. తలుపు లాగి పట్టుకుని వేలాడాను. ఎడమ చెప్పు ఊడిపోయింది. ఎలాగో లోపల పడ్డాను. ఇంజను ఆపి ఉంది కదా, బ్రేకు పెడలు రాయిలా ఉంది. స్టీరింగు పట్టుకుని లేచి, రెండు కాళ్లతో పెడలు మీద నిలబడ్డాను. ఆగింది. స్టాపు అద్దాన్ని తాకి ఒక పలక పగలగొట్టి ఆగింది. నేను బండిని ఆపాను సార్. స్టాపులో నిలబడ్డ ఒక కొరియర్ అతను పక్కకు దూకబోయి మడమ బెణికించుకున్నాడు. ఇంకెవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

పెద్దాయన అప్పుడు కళ్లు తెరిచారు.

"అప్పుడే ఇల్లొచ్చిందా అమ్మా?"

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. స్టీరింగంతా క్రీము. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీశారు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మా కొట్లో బన్ను ముక్క మిగల్లేదు. ముక్కూముఖం తెలియనివాళ్లు వచ్చి నాతో ఫొటో దిగారు. అబద్ధం ఎందుకు, నేల మీద నిలవలేదు నేను. మా ఆయన చేత ఆ వీడియో పదకొండుసార్లు పెట్టించుకున్నాను.

అయితే జనం మధ్యలో ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుని ఒక మాట అడిగింది.

"అక్కా, నేను హ్యాండ్ బ్రేకు వేశాననే గుర్తు. వెయ్యలేదంటావా?"

కంగారు పడకమ్మా అన్నాను. అంతకుమించి ఏమీ అనలేదు. నిన్న సాయంత్రం తెలిసింది, కొరియర్ అతను ఫిర్యాదు ఇచ్చాడని, బ్రేకు వేయడం మరిచిపోయి ఉంటానని ఆమే ఒప్పుకుని కాగితం రాసిచ్చిందని.

తాళం వేసిన బండి నేనెలా తెరిచానని అధికారి గారు అడిగారు. ఆ తాళంచెవి మాదే. అమ్మేటప్పుడు రెండోది పోయిందని చెప్పాం. పోలేదు. గున్న మీద బెంగతో నేనే ఉంచుకున్నాను. ఇప్పుడు బల్ల మీద పెడుతున్నాను.

ఇంకొకటి. ఆమె బ్రేకు వేసింది. నేను స్టీరింగు దగ్గర పడ్డప్పుడు లివరు నిలువునా పైకి లాగి ఉంది, నా మోకాలికి తగిలింది. ఆ బండి హ్యాండ్ బ్రేకు వేడి మీద పట్టుకుంటుంది, చల్లారితే వదిలేస్తుంది. మెకానిక్ రెండుసార్లు మార్చమన్నాడు. మేము మార్చలేదు. ఎక్కడ ఆపినా మొదటి గేరులో పెట్టి, చక్రం గట్టు వైపు తిప్పి, వెనక టైరు కింద చెక్క పెట్టేవాళ్లం. ఎనిమిదేళ్లలో అది చెప్పులు విడిచినంత అలవాటైపోయింది. మరిచిపోయి చెప్పలేదా అంటే, కాదు. కొనడానికి వచ్చిన రోజు ఆమె ఏసీ అడిగింది, మైలేజీ అడిగింది, బ్రేకు అడగలేదు. అడిగితే చెబుదామని మా ఆయన వంటింట్లో అన్నాడు. సరేనన్నాను. చెక్కను మాత్రం నేనే బండిలోంచి తీసేశాను, చూస్తే అడుగుతుందని.

సంతకానికి ముందు దీన్ని ఆ అమ్మాయికి వినిపించమని కోరాను. బయట బల్ల మీద ఉంటే పిలిచారు. నిలబడే విన్నది. నా వైపు చూడలేదు. నిన్న తానిచ్చిన కాగితం కొట్టేయమని, ఇంకో తెల్ల కాగితం ఇవ్వమని అధికారి గారిని అడిగింది. ఆయన ఇచ్చారు. ఇప్పుడు పక్క బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది.

ఇందులో ఉన్నదంతా నా నోటితో చెప్పిందే. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. చదివి వినిపించారు. పెద్దాయన్ను కాపాడాను అని రాసిన చోట కొట్టేయించి, బండిని ఆపాను అని రాయించాను. మిగతాదంతా సరిగ్గా ఉంది.

(సంతకం)