అంగారకుడి మీద గంజి

1958. కర్నూలులో కొండారెడ్డి బురుజు వెనక సందులో, బోర్డులు రాసే ఏసురాజు కొట్టు. చెల్లెలు కృపమణి ఊరి నుంచి వచ్చి, బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది.

“చెయ్యి తియ్యి మే, రంగింకా ఆరల్యా.”

“ఆరకుంటేనే మేలు, తుడిచేకి సులభం. ఈ ఆఖరు బొమ్మలో వీన్నేం చేస్తాండావు చిన్నన్నా?”

“కరాళున్నా? రాకెట్టు తలుపు తీసి బయటికి నూకుతాండా. కనపళ్ళా?”

“బయటికంటే యాడికి?”

“ఆకాశంలోకి. ఆడ కిందా ఉండదు, పైనా ఉండదు, గాలి అసలే ఉండదు. లోకం ఉన్నన్నాళ్ళు అట్లనే తేలుకుంటా పోతాడు.”

“పాపమనిపించల్యా?”

“ఎందుకనిపిస్తాది? అంగారకుని మీదికి పోయేకని దాచిన నీళ్ళు పీపా ఎత్తుకోని తాగినోడు. సొంత తమ్మునికి, చెల్లెలికి చుక్క మిగల్చల్యా. ఆర్నెల్ల నుంచి నెలనెలా బొమ్మలేసి చెప్తాండా గదా, నువ్వు చదవల్యా?”

“చదవకేం? మా బళ్ళో పిల్లోళ్ళకు చదివి వినిపించేది నేనే. మొన్న మూడో తరగతి పిల్ల ఒకతి ఏడ్చింది.”

“చెల్లెలు దప్పికతో పడిపోయే బొమ్మ చూసేనా? అది శానా బాగా కుదిరిందిలే.”

“కాదు. కరాళుని కోసరం. ‘వానికీ దప్పయింది గదా టీచరమ్మా, అందరూ వాన్నే ఎందుకు తిడతారు’ అని.”

“ఆ పిల్లను నా కాడికి తోలు. కుంచెలు కడుగుతాది. కథలు అర్థమయ్యే తల కాదది.”

“నీ తలకు అర్థమైందిలే! ఈ జయవీరుడెవడు? నువ్వేనా? ఈ రొమ్మేంది, ఈ జబ్బలేంది? దండెం మీద ఆరేస్తే నీ అంగీ నీకంటే లావుగా కనపడ్తాది.”

“కథానాయకుడు మే. బక్కోన్ని గీస్తే మద్రాసు పత్రికోళ్ళు వాపసు కొడతారు.”

“అంగారకుని మీదికి పోయేటోడు మీసానికి నూనె రాసుకోని పోతాడా?”

“పోతాడు. రష్యావోళ్ళు కుక్కనే పంపినారు, మీసమున్నోడు పోతే తప్పేంది?”

“సరే. ఈ చెల్లెలు సుమతి. కండ్లు చూడు, గంగాళాలంత! దప్పికతో చచ్చేటామె తల దువ్వుకోని, నెత్తి చుట్టూ వెలుగొకటి.”

“వెలుగు కాదది, రాకెట్టు కిటికీ.”

“క్రిస్మసు కార్డులో దేవదూత మాదిరుండాది. ఎవరామె?”

“ఎవరో ఒకరు. కథలో పిల్ల.”

“కరాళుడో? వాడూ ఎవరో ఒకడేనా? ఎడమ కనుబొమ్మ మీద ఆ గాటు ఎవరిది?”

“దుర్మార్గుడన్నాక ఒక గాటుండాల. మిషను దొరసాని ఇచ్చిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో అందరికీ ఉంటాది.”

“దొరసాని పుస్తకంలో వాడు ఎడమచేత్తో తాగల్యా, నీ కరాళుడు తాగుతాండాడు. కొడవలి తగిలి కనుబొమ్మ తెగినోడు, ఎడమచేతి వాటమోడు మన ఊర్లో ఒకడే. మన పెద్దన్న.”

“అయితే ఏమంటావు?”

“ఏమంటానా! పోయిన ఆదివారం చర్చిలో పెద్దన్న పెండ్లి ప్రకటన రెండోసారి చదివినారు. ‘అభ్యంతరమున్నోళ్ళు చెప్పండి’ అని అయ్యగారు అంటానే, పెండ్లికూతురు మేనమామ లేచినాడు. చేతిలో ఏముండాదనుకున్నావు? బైబిలు కాదు. నీ పత్రిక.”

“ఆయప్పకు బొమ్మల కథలెందుకు?”

“చందా కట్టినాడంట. ‘కరువు ఏడాది ఇంటోళ్ళ గంజి దారిలోనే తాగినాడని పెండ్లికొడుకు లేవి గురించి ఊరంతా అంటే పుకారనుకున్యా. తోడబుట్టినోడే బొమ్మ గీసి అచ్చేసినాడు గదా. అమ్మ కడుపు కొట్టినోనికి మా పిల్లనెట్లిస్తాము?’ అన్నాడు.”

“తప్పేముండాది? ఉన్నదే అన్నాడు.”

“అయ్యగారు బతిమాలుకోని మూడో ప్రకటన దాకా ఆపినాడు. బొమ్మ గీసినోడే ఈ ఆదివారం వచ్చి, కరాళుడు మా అన్న కాదని అందరి ముందర చెప్తే పిల్లనిస్తారు. లేకుంటే ల్యా. నువ్వు రావాల, ఈ ఆఖరు బొమ్మ మార్చాల.”

“రాను. మార్చను. నాలుగ్గంటల టపాకు పోవాల ఇది.”

“ఇల్లిడిచి ఆరేండ్లాయ చిన్నన్నా. వాడు కాలువ పనుల్లో మట్టి మోస్తాండాడు. ఇప్పటికొక సంబంధం కుదిరె.”

“చర్చిలో నిలబడి అబద్ధమాడమంటావా? యాభైరెండు కరువులో గంజి కేంద్రం నుంచి కుండ మోసుకొచ్చేది ఎవరి పని? వానిది. అమ్మ జరంతో పడుకోనుండె. ఇంటికి ఐదుగురికి ఒక కుండ. వాడొచ్చేసరికి అడుగున ఇంత తేట. నాయన అడిగితే ‘నేనే తాగినా’ అని వాని నోటితో వాడే అన్నాడు. నాయన వాకిట్లో నుంచే తరిమె. ఇందులో నేను కల్పించిందేంది?”

“ఏమీ కల్పించల్యా. అందుకే అడుగుతాండా. ఈ పీపా ఎత్తి తాగే బొమ్మ చూడు. గొంతు పైకీ కిందికీ పోయేది, గదవ మీంచి కారేది, కండ్లు మూసుకునేది... ఎదురుగా చూసినట్టుండాది. పెద్దన్న తాగేది నువ్వు చూసినావా?”

“ఆ నీలం రంగు డబ్బా ఇట్లియ్యి.”

“చూసినావా?”

“డబ్బా ఇయ్యి మే. ఆకాశం ఎండిపోతాండాది.”

“ఎండనీ. పెద్దన్న జాబు రాసినాడు, తెచ్చినా.”

“జాబా? ఎవరికి? ఏమని?”

“నాకే. నీ బొమ్మలు శానా బాగుండాయంట. కాలువ కాడ కూలోళ్ళందరికీ చూపిచ్చినాడంట, ‘మా తమ్ముడు గీసింది’ అని.”

“ఇంకేం రాసినాడు?”

“నీ రాకెట్టు తోక మెలి తిరిగుండాది, వంకాయ తొడిమ మాదిరని రాసినాడు.”

“వానికేం తెల్సు రాకెట్ల సంగతి! ఇంకేం రాసినాడు?”

“‘పెండ్లి పోతే పోనీ, తమ్మునితో కొట్లాడద్దు. వాన్నేమీ అడగద్దు’ అని.”

“అడగద్దనే రాసినాడా? ఏం అడగద్దంట?”

“ఏమీ అడగద్దంట. ఎందుకట్ల చెమటలు కారుతాండాయి?”

“ఇది కర్నూలు, ఊటీ కాదు. గంజి సంగతేమన్నా రాసినాడా? ఇట్లియ్యి, నేను చదువుతా.”

“గంజి సంగతి వాడు రాయడు. వాడు రాయనందుకే నేనొచ్చినా. ఆ కుంచె కింద పెట్టు.”

“పని చేసుకోనీ మణీ.”

“పెట్టు. ఆ పొద్దు పెద్దన్న కల్వర్టు నీడలో కుండ దించినాడు. ఎండకు పడిపోయిన ముసలామెనొకతిని గంజి కేంద్రం కాడికి మోసకపోయినాడు. ఇంట్లో ఉండలేక నేను ఎదురుపోయింటి. ఆడ మనిషి ల్యా, కుండుండె. మూతికి గుడ్డ కట్టుండె. విప్పితి.”

“నువ్వా?”

“నేనే. రెండు దోసిళ్ళు తాగితి. మూతి పావడకు తుడుచుకోని ఇంటికి పరిగెత్తితి. నాయన పెద్దన్నను తరుముతాంటే తలుపు సందులోంచి చూస్తా నిలబడితి. పదమూడేండ్ల దాన్ని, నోరు పెకలల్యా. పంతొమ్మిదేండ్లు వచ్చినాక గూడా పెకలల్యా. ఇదీ నీ దేవదూత.”

“రెండు దోసిళ్ళేనా?”

“బైబిలు మీద చెయ్యేసి చెప్తా, రెండే. నేను మళ్ళా గుడ్డ కట్టేటప్పుడు గంజి కుండ మెడ దాకా ఉండె. మిగిలింది పెద్దన్నే తాగింటాడు, నేనొక్కదాన్నే కాదులే అని ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకుంటాండా. నువ్వు వాన్ని కరాళున్ని చేస్తే కోపమొచ్చె. కోపం వెనకే హాయి గూడా అయ్యె, దొంగ వాడే అని నువ్వు అచ్చేసినావు గదా అని. సిగ్గిడిచి చెప్తాండా.”

“మణీ, ఊరుకో.”

“ఊరుకోను. ఆదివారం నేనే లేచి చెప్తా, ఉద్యోగం పోతే పోనీ. నువ్వు రావద్దులే. ఈ సుమతి మూతికి రెండు చుక్కలు తెల్లరంగు పూసి టపాలో వెయ్యి, చాలు.”

“ఆ గుడ్డ... జడ రిబ్బను మాదిరి కట్టినావు. రెండు చెవులు పెట్టి.”

“అవును. పెద్దన్నకు అట్ల కట్టేది రాదు గదా, ఆ ముడి చూసే నన్ను పట్టేస్తాడని ఎంత భయపడితినో. నువ్వా పొద్దు కట్టెలకు పోయింటివి గదా, ఆ ముడి సంగతి నీకెట్ల తెల్సు?”

“నేనే గదా విప్పింది. దోసిలి గూడా పట్టల్యా మణీ. కుండెత్తుకోని, అడుగు కనపడేదాకా తాగితి.”