చౌడమ్మ వాహనానికి కొట్టిన టెంకాయ

సింహాన్ని చూడ్డానికి పోయి పెండ్లాన్ని పోగొట్టుకున్న మొగోడు ఎవడన్నా ఉన్నాడంటే అది పత్తికొండ రామాంజి ఒక్కడే. అట్లని ఆమెను సింహం తినిందనుకోవద్దు. శివజ్యోతి నిక్షేపంగా రాజంపేటలో పుట్టింట్లో ఉంది, ఆరేళ్ల బిడ్డ అంజలితో సహా. ఆ సఫారీ పార్కులోంచి బయటికొచ్చినాక ఆమె పత్తికొండ దోవ పట్టలేదు, అంతే.

రామాంజి మండీలో టమేటా వేలం పాడే మనిషి. పొద్దున్నే గంపల ముందర నిలబడి ధరను పైకి పైకి ఎక్కించడం వాని పని. మండీలో ఆ నోటికి శానా పేరుంది. కష్టమేమిటంటే ఇంటికొచ్చినా ఆ నోరు దిగదు. నీరుకట్టె పాము కనపడితే కొండచిలువ అంటాడు, తుంపర పడితే చెరువు తెగిందంటాడు. పెండ్లయిన కొత్తలో శివజ్యోతి నవ్వేది. తర్వాత తర్వాత నవ్వు మానేసి, వాడు చెప్పిందాంట్లో ఎంత తీసేయాలో మనసులోనే లెక్క వేసుకోవడం నేర్చుకుంది.

నెల గడిచినాక మామ పెద్దన్న కబురు పెడితే రామాంజి రాజంపేటకు వచ్చినాడు. పెద్దన్న కఠినుడేం కాదు. అల్లుని కాళ్లకు నీళ్లిప్పించి, అరుగు మీద చాప వేయించి, పెద్దమనిషిగా ఉంటాడని పక్కింటి బొజ్జన్నను పిలిపించి, నెమ్మదిగా మాట ఎత్తినాడు.

"అల్లుడా, నా బిడ్డ ఒకటే అడుగుతాండాది. ఆ పార్కులో ఏం జరిగిందో జరిగింది జరిగినట్ల నీ నోటితో నువ్వు చెప్పల్ల. చెప్పి, తప్పయిందనల్ల. అంతే. సాయంత్రానికి ఇద్దర్నీ నీ వెంట తోలిస్తా."

ఇంతకన్నా సులువైన తీర్పు ఏ అల్లునికీ దొరకదు. రామాంజి బస్సులో వచ్చేటప్పుడే అనుకున్నాడు. కడపలో దిగి ఇంకో బస్సెక్కి మళ్లీ అనుకున్నాడు. 'మామా, నేను భయపడినా. పెండ్లాం బిడ్డను ఇడిసిపెట్టి పారిపోయినా. తప్పయింది.' పిల్లకాయలు పద్యం అప్పజెప్పినట్టు పెదాలు కదిలిస్తా వస్తే, పక్క సీటాయన వీనికేదో గాలి సోకిందని జరిగి కూచున్నాడు. వాకిట్లో అడుగు పెట్టేదాకా ఆ మాట నోట్లోనే భద్రంగా ఉండింది. తలుపుకు కట్టిన పరదా అవతల శివజ్యోతి పాదాలు కనపడతాండాయి. నిలబడి వింటాంది.

"ఏంల్యా మామా," అని మొదలుపెట్టినాడు. "ఆడ మన కారు మనమే నడుపుకుంటా పోవచ్చు. కొంచెం దూరం పోతే చెట్టు కింద సింహం పడుకోనుండె. చౌడమ్మ తల్లి వాహనం గదా, ఎదురుపడితే ఊరికే ఎట్ల పోతాం? డిక్కీలో దేవరకు తెచ్చిన టెంకాయ మిగిలుండె. దిగి ఒక టెంకాయ కొడ్తి."

ఇదంతా నిజమే. అక్షరం కూడా ఎక్కువ లేదు. తర్వాతి మాట 'భయపడినా' అని రావాల. వచ్చేదే. కానీ బొజ్జన్న ఉన్నాడే, ఆయన కండ్లు ఇంతింత చేసుకుని, "ఏమీ? సింహం ముందర దిగి టెంకాయ కొడ్తివా?" అన్నాడు.

ఆ కండ్లు చూసినాక రామాంజి రామాంజి కాదు. వాని గొంతు మండీ గొంతు అయిపోయింది.

"మరేమనుకుంటివన్నా! కొడ్తే ఒక చిప్ప దొర్లుకుంటా పోయి సింహం ముక్కుకాడ ఆగె. లేసె అది. ఎంతుండాదనుకుంటివి? మీ ఒంగోలు కోడెంత. కాదు కాదు, కోడె మీద కోడెను నిలబెడితే ఎంతో అంత. వచ్చె. నా మొగం మీద ఊపిరి తగుల్తాంది. ఆ తర్వాత ఏమయిందో తెలుసునా? నేను అరచెయ్యి చాపితి. టెంకాయ నీళ్లు తీర్థం మాదిరి పోస్తి. మూడు మార్లు తాగి, కండ్లకద్దుకునె!"

"సింహం చేతులెత్తి కండ్లకద్దుకునెనా?"

"ముందరి కాళ్లు లేవా దానికి?"

"అది కూడా సరేలే," అన్నాడు బొజ్జన్న, సర్దుకుని కూచుంటా.

పెద్దన్న నవ్వలేదు. అల్లుని మొగమే చూస్తాండాడు. ఆపురా, ఆపి ఆ ఒక్క మాట చెప్పురా అని రామాంజి లోపల్నే ఎవడో గొంతు చించుకుంటాండాడు. రామాంజికి ఆ అరుపు వినపడతానే ఉంది. వినపడతాన్నా నాలుక ముందుకే పరిగెత్తింది.

"అది తాగెనా, పెండ్లాం సింహం ఊరుకుంటుందా? వచ్చె. పిల్లలొచ్చె. అత్తగారు సింహం కూడా కుంటుకుంటా వచ్చె. మాకేదీ ప్రసాదమని చుట్టూ కూచునె. నా చేతిలో ఉండేది ఒక్క టెంకాయ చిప్ప. ఇంతమందికి ఎట్ల పంచేది? నా తెలివి చూడు. వేలం పెడితి!"

"సింహాలకా!"

"సింహాలకే! చిప్ప పైకెత్తి, 'పాటప్పా పాట' అని ఒక్క కేక వేస్తి. ఒకటి గర్జించె. దాని మీద ఇంగోటి గర్జించె. ఆ పక్క కంచె అవతల పులులుండె, అవి ఊరుకుంటాయా, అవీ పాట ఎక్కించె. ఎలుగుబంటి నా కాడికొచ్చి, అన్నా కొంచెం తగ్గించుకో అని సైగ చేసె. నేను తగ్గే మనిషినా? గర్జన మీద గర్జన, గర్జన మీద గర్జన, నేల అదిరె, ఏనుగులు చెవులు మూసుకునె. ఆ తర్వాత ఏమయిందో తెలుసునా? ఆ శబ్దానికి మబ్బు పగిలి పత్తికొండలో వాన!"

"పత్తికొండలో చినుకు పడక చేలన్నీ ఎండిపాయనని ఇందాక నువ్వే చెప్తివి గదప్పా?"

"పడె. భూమి వేడికి పైన్నే ఇంకిపాయ," అన్నాడు రామాంజి తడుముకోకుండా.

బొజ్జన్న తొడ చరిచి నవ్వినాడు. పరదా సందులోంచి అంజలి దూరి వచ్చి తాత ఒడిలో కూచుంది. నెల దినాలకు బిడ్డను చూడ్డం. చిక్కిపోయినట్టుంది. ఎత్తుకోవాలని రామాంజి చేతులు లేసినాయి. లేసిన చేతులతోనే సింహం జూలు పట్టుకున్నట్టు చూపించినాడు. ఏం జన్మరా నాది అని ఆ క్షణాన వానికే అనిపించింది.

"కడాకు పాట మొగసింహానికే కొట్టేస్తి. సంతోషానికి నన్ను మీదెక్కించుకునె. పార్కంతా ఊరేగింపు! గార్డులు తుపాకులు కింద పెట్టి దండాలు పెడ్తాండారు. జింకలు దోవ ఇడ్సె. గేటు కాడికి వచ్చినాక సింహం కండ్లల్లో నీళ్లు. పోవద్దంటాది. ఈన్నే ఉండిపో, మాకు రాజు లేడంటాది..."

"నాయనా," అనింది అంజలి.

"ఏం తల్లీ?"

"అప్పుడు అమ్మా నేనూ యాడుంటిమి?"

రామాంజి నోరు తెరుచుకునే ఉంది. వాడు చెప్పిన కథలో సింహం పెండ్లాం ఉంది, సింహం పిల్లలున్నారు, సింహం అత్తగారు కూడా ఉంది. వాని పెండ్లాం, వాని బిడ్డ యాడా లేరు. బొజ్జన్న నవ్వు సగంలో నిలిచిపోయింది.

"మీరు... మీరు నా యెనకాల్నే, సింహం మీదనే గదమ్మా..."

"కాదు. మేము కార్లో ఉంటిమి. నీ డోరు తెరిచే ఉండె. నేను నాయనా అంటాంటే అమ్మ నా నోరు మూసె."

పరదా తొలగించుకుని శివజ్యోతి బయటికొచ్చింది. ఏడుపు లేదు, అరుపు లేదు. తండ్రి దిక్కు చూసి చెప్పింది.

"నాయనా, టెంకాయ పగిలిన చప్పుడుకు ఆ సింహం తల తిప్పి చూసె. లేయను కూడా లేయలే. ఈయప్ప చిప్ప ఆన్నే పారేసి, కారు ఇడిసిపెట్టి, యెనక దూరంగా వస్తాండే గార్డుల జీపుకు పరిగెత్తె. భయమైంది, పరిగెత్తె. దాన్నేమీ అనను. నాకూ భయమే అయింది. ముందుకు వంగి డోరు లాగుదామంటే, కదిల్తే అది లేస్తాదేమోనని బిడ్డను కింద పండబెట్టి మీద పడుకుంటి. జీపు వస్తాది, ఇప్పుడొస్తాది అని చూస్తాండా. రాలే. శానా సేపు రాలే."

ఆమె తండ్రి ఒడిలో ఉన్న బిడ్డను తన పక్కకు తీసుకునింది.

"ఎందుకు రాలేదని తర్వాత ఆ గార్డును అడిగితి. 'మీ ఆయన సింహాన్ని ఎట్ల తరిమినాడో చెప్తాండె, వింటా కూచుంటిమి. కార్లో ఎవరన్నా ఉండారా అని మేమడిగేదాకా మీరున్నట్టు చెప్పనే లేదమ్మా' అనె. నాయనా, సింహం ముందర మేముంటే, ఈయప్ప ఆడ కూచోని కత చెప్తాండాడు."

రామాంజి తల దించుకున్నాడు. కండ్లల్లోంచి నీళ్లు చాప మీద పడతాండాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. వానికి ఆ ఆడమనిషి కావాల, ఆ బిడ్డ కావాల. వాళ్లు లేని ఇంట్లో నెల రోజులు గోడలకు కతలు చెప్పుకుని బతికినాడు.

పెద్దన్న వాని భుజం మీద చెయ్యి వేసినాడు. "పోనీలే అల్లుడా. అది చెప్పేసింది, నువ్వు చెప్పే పని కూడా తప్పింది. అవునని ఒక్క మాట అను. నా బిడ్డ వస్తాది."

శివజ్యోతి గడప మీద నిలబడే ఉంది, లోపలికి పోలేదు. పోలేదంటే ఇంకా ఆశ చంపుకోలేదనే.

"అవును జ్యోతీ," అన్నాడు రామాంజి. వెక్కుతా అన్నాడు. "అవును. నేను పారిపోయినా."

పెద్దన్న గట్టిగా ఊపిరి విడిచినాడు. బొజ్జన్న, "అట్ల చెప్పప్పా, మొగోనివి అనిపించుకుంటివి" అని అయ్యో పాపం అన్నట్టు మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు వాని చెవిన పడింది. పడకుండా ఉంటే బాగుండేది.

"పారిపోయినానంటే, ఎట్ల పారిపోయినా అన్నా!" తడి కండ్లతోనే తల ఎత్తినాడు. "గాలి కూడా అందుకోలేకపాయ నన్ను. జీపులో గార్డులు ఇరవై మంది. ఒక్కొక్కడు నన్ను మించి వణుకుతాండాడు. వాళ్లకు ధైర్యం చెప్పేవాడు ఎవడు? అందుకే నేను..."

శివజ్యోతి బిడ్డ చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది. బొజ్జన్న తువ్వాలు దులుపుకుని, ఎవరి మొగమూ చూడకుండా మెట్లు దిగినాడు. పెద్దన్న కూడా లేసి దొడ్లోకి నడిచినాడు. అరుగు మీద రామాంజి ఒక్కడే మిగిలినాడు. ఏడుస్తాండాడు, చెప్తాండాడు. గార్డులు ముప్పై మంది అయినారు. జీపు తలకిందులయింది. వాడు ఒంటి చేత్తో లేపి నిలబెడతాండాడు.

కిటికీ అవతల అంజలి గొంతు వినపడింది. "అమ్మా, ఈ తూరి కతలో మనం ఉండామా?"

"లేం తల్లీ," అనింది శివజ్యోతి.

ఆ మాట రామాంజికి వినపడింది. వినపడినా నోరు ఆగలేదు.