బుడ్డోడు తినల్యా

(పెనుకొండ. హజరాబీ ఇంటి వసారా, ఆమె కుట్టుమిషను. పక్కింటి చింతపండు వ్యాపారి అశ్వత్థప్ప నాలుగు నెలల కుక్కపిల్లను ఎత్తుకొని వచ్చినాడు. అతని భార్య రాజేశ్వరి పోయి పదహారు దినాలు.)

"నాకొద్దన్నా. మా ఇంట్లో నమాజు చేస్తారు, కుక్కను గడప తొక్కనీరు. నీకి తెలీదా?"

"లోపలికి ఎందుకు హజరమ్మా. ఈడ, మిషను కాడ కట్టేసుకో. నువ్వైతే దానికి అలవాటు."

"అలవాటే గానీ... ఏమాయ దీనికి? పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు."

"తినల్యా. నాలుగు దినాలాయ. నీళ్లు మాత్రం తాగుతాది. పాలన్నం పెడ్తి, బిస్కెట్లు పెడ్తి. మా ఇంట్లో ఎప్పుడూ లేంది, గుడ్డు ఉడకేయించి తెస్తి. మూతి కూడా పెట్టదు. గిన్నె ముందర కూచోని నా మొగం చూస్తాది."

"పశువుల డాక్టరుకి చూపించల్యా?"

"చూపిస్తి. నోరు తెరిచి చూసె, కడుపు నొక్కి చూసె. రోగమేమీ లేదప్పా అనె. ఇంగ రెండు దినాలు ఇట్లే ఉంటే మాత్రం దక్కదన్యాడు. ఇది కూడా నా చేతుల్లోనే పోతే..."

"అట్లనొద్దు. దించు దాన్ని. రా బుడ్డోడా. రా."

"ఆమె మీద బెంగ. ఇంగేం లేదు."

"బెంగైతే దివసాల్లో ఎట్ల తినె? మీ చెల్లెలు వాణి వడ్డిస్తాంటే నేను చూస్తి కదా. గిన్నె నాకి పెట్టె."

"చుట్టాలున్నన్ని దినాలూ తినె. జనముంటే దానికి బాగుంటాదేమో. వాళ్లు పోయినాకనే ఇట్ల."

"వాళ్లు పోయినాక నువ్వు యాడ తింటాండావు?"

"నా సంగతి ఎందుకిప్పుడు?"

"చెప్పన్నా."

"బస్టాండు కాడ మెస్సులో. మూడు పూటలూ ఆడనే. తినేసి, దీనికి పార్సిలు కట్టించుకోని వస్తా."

"ఇంట్లో ఒగ ముద్ద కూడా తినల్యా?"

"ఆ వంటింట్లోకే పోల్యా. ఏమి, నగుతాండావు?"

"నగల్యా. ఆ చాప మీద కూచో. అన్నం తెస్తా."

"వద్దమ్మా, ఇప్పుడే తిని..."

"నీ కోసం కాదు. పప్పన్నమే, మీరు తినేదే. రెండు ముద్దలు తిని, ఈ చెంబు నీళ్లతో అన్నం తట్టలోనే చెయ్యి కడుగు. దానికి కనపడాల."

"ఇదేం ఆట?"

"ఆట కాదు, రాజేశ్వరక్క చెప్పిన చదువు. తిను ముందు."

"తలెత్తి చూస్తాండాది."

"చూస్తాది. నువ్వు తిను."

"కడుపులో చోటు ల్యా హజరమ్మా."

"నీళ్లు తాగి మింగు. ఊ. ఇంగొక ముద్ద. చాలు, చెయ్యి కడుగు. ఇప్పుడు దాని గిన్నె పెడతాండా, చూడు."

"తింటాండాది."

"తింటాది."

"తింటాండాదమ్మా. మెల్లగరా. మెల్లగ తిను, యాడికీ పోదు. ఎట్ల తెలిసె నీకి?"

"రెండు నెలలు నా కండ్ల ముందరే కదా అక్క నేర్పించె. తెచ్చిన కొత్తలో నీ తట్టలో మూతి పెట్టిందని కసిరినావంట. ఆ పొద్దు నుంచి పట్టుకునె. నువ్వు తినేకి కూచుంటే దాన్నీ కూచోబెట్టేది. ఎగబడితే గిన్నె ఎనక్కి తీసేది. కూచుంటే తల నిమిరేది. నువ్వు చెయ్యి కడిగినాకనే గిన్నె కింద పెట్టేది. ఆయన తినకముందు మనమెట్ల తింటాం రా బుడ్డోడా అనేది. నేనూ అదీ ఒగే బళ్లో చదువుకున్యాం హజరా అని నగేది."

"నాకి ఎప్పుడూ చెప్పల్యా."

"నువ్వు అడిగినావా?"

"అడగల్యా. తినేది, పేపరు మొగానేసుకోని పండుకునేది. ఆమె ఎప్పుడు తినేది?"

"అది తిన్నాక."

"నేను రాకపోతే?"

"ఇద్దరూ కూచోనుండేవాళ్లు. తట్ట ఇట్లియ్యన్నా, కడిగేస్తా."

"ఉండు. ఆలస్యమైతే నేను ఫోన్ చేసేవాణ్ణి."

"చేసేవాడివి. ఎవురు కాదనిరి?"

"ఆమె పోయిన పొద్దు కూడా చేస్తి."

"తెలుసు. ఇంగ ఆ మాట వద్దన్నా."

"నీకెట్ల తెలుసు?"

"జాకెట్టు కొలత కోసం మీ ఇంట్లోనే ఉంటి."

"అయితే విను. ఎవురికీ చెప్పల్యా ఇది. బస్సు దిగినా అని చెప్తి. దిగల్యా. సోమందేపల్లిలో ఉంటి. చింతపండు కొనే పార్టీ ఒగాయన భోంచేసి పోదువులే అని కూచోబెట్టె. యాడున్యావు, యాడున్యావు అని అడుగుతాదని ఊరికే అట్ల చెప్పేది. రోజూ చెప్పేదే. దిగినా అంటే ఊరుకుంటాది కదా. ఇంటికొచ్చేలోపల నాలుగాయ. వంటింటి గడప కాడ పడిపోయింది. గుండె ఆగిపోయిందన్యారు."

"గుండేనే. గుండేనే అనుకో."

"అనుకో అంటే?"

"ఏం లేదు. చూడు, గిన్నె ఖాళీ చేసె. ఇంగ కొంచెం పెడదామా?"

"హజరా. అనుకో అంటే ఏమి?"

"నన్నడగొద్దన్నా. నేనూ ఆడుంటి. నేనూ వేరేవాళ్ల జాకెట్లు ఇచ్చొస్తానని లేచి వచ్చేస్తి. కూచోబెట్టి నోట్లో పెట్టాల్సింది. పదహారు దినాలు, నాకి నిద్ర ల్యా."

"ఏం పెట్టాల్సింది నోట్లో?"

"అన్నం. షుగరు సూది ఏసుకుంటే అరగంటలో అన్నం తినాల, లేకుంటే షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తాది. డాక్టరు చెప్పినప్పుడు అక్కతో నేనే పోయింటి."

"సూది పొద్దున కదా ఏసుకునేది. అది నాకి తెలుసు."

"పోయిన నెల మధ్యాన్నానికి ఇంగొగటి రాసిరి. నువ్వు వచ్చేది రూఢి అయినాకనే ఏసుకునేది. ఆ పొద్దు నీ ఫోను పెట్టేసి, 'దిగినాడంట, పది నిమిషాలే' అని నా ముందరే పొడుచుకునె అన్నా."