ఆఫీసర్ సెల్యూట్ కొట్టిన ఉత్తరం

“అసాధారణ ప్రతిభ అంటే ఏమిట్రా ఆరుష్? పరుగుపందెంలో ఫస్టు రావడమా? కాదు. అమెరికాలో ఉండిపోనిచ్చే గ్రీన్ కార్డుకి అదొక దగ్గరి దారి. ‘నా అంతటి పనిమంతులు ఈ రంగంలో చాలా అరుదు’ అని పెద్దవాళ్ల ఉత్తరాలతో రుజువు చెయ్యాలి. స్మృతీ, నువ్వూ విను. మన అరోరా ఊళ్లోనే, పరంధామయ్యగారింటి పెరటి డెక్ మీద ఆరేళ్ల కిందట జరిగింది,” అంది అమ్మమ్మ.

ఆ సాయంత్రం మల్లికార్జునరావు కొత్తగా గ్రీన్ కార్డు వచ్చిన సంబరంలో ఉన్నాడు. అతని కింద పనిచేసే జయంతి ఓ మూల కూర్చుంది. ఆసుపత్రుల్లో మందులు తారుమారైతే పట్టుకునే ప్రోగ్రాం కట్టింది ఆమే. ఆమె వీసా ఆ చలికాలంతో సరి. ఆ పని ఆమెదేనని పైఅధికారిగా అతనొక్క సంతకం పెడితే ఆమె కూడా అదే దారిన అర్జీ పెట్టుకోవచ్చు. “ముందు నాది కానీ, తర్వాత నీదే” అన్నాడు. నమ్మింది. వేసవంతా తిప్పించుకున్నాడు. ఆ సాయంత్రం మాత్రం స్నేహితుడు జగదీష్ అడిగిందే తడవుగా తన గొప్ప మొదలుపెట్టాడు.

“పెద్దగా ఏం లేదు జగదీషూ, ఎవరో ముసలావిడకి తప్పు మాత్ర ఇవ్వబోతుంటే నా ప్రోగ్రాం పట్టేసింది, అంతే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇల్లినాయి డాక్టర్లంతా నా ఫోన్‌కి క్యూ కట్టారు, ఆపరేషన్ మధ్యలో ఆగి ‘సర్, కుడివైపు కొయ్యమంటారా, ఎడమవైపా’ అని నన్నే అడిగేవాళ్లు, నేను డ్రైవ్ చేస్తూనే చెప్పేవాణ్ణి...”

“డ్రైవ్ చేస్తూనా అన్నా?”

“ఒంటిచేత్తో! రెండో చేతిలో ఇడ్లీ. ఒకాయనకి గుండె ఆగిపోతే నా ప్రోగ్రాం తెరిచి చూపించారు, లేచి కూర్చుని కాఫీ అడిగాడు! ఇక నా పిటిషన్ నెబ్రాస్కాలో ఇమిగ్రేషన్ ఆఫీసుకి చేరిందా, ఆఫీసర్ మొదటి ఉత్తరానికి కళ్లు తుడుచుకున్నాడు, రెండోదానికి లేచి నిలబడ్డాడు, మూడోదానికి సెల్యూట్ కొట్టాడు! ఏముందనుకున్నారు అందులో? ‘ఇతనొక్కడే, ఎవరి సాయమూ లేకుండా కట్టాడు’ అని!”

అందరూ పగలబడి నవ్వారు. జయంతికి ఒళ్లు మండిపోయింది. మనవాళ్లలో అదొక ఆనవాయితీ. పొగడ్త ఉత్తరం మనమే రాసుకుని, పెద్దవాళ్ల సంతకం తెచ్చుకుంటాం. ఇతను ఆ రాతపని కూడా ఆమె నెత్తినే పెట్టాడు.

“ఆ ఉత్తరం రాసింది నేనండీ,” అంది లేచి. “అసలు పని జయంతిది, నడిపించింది ఇతను అని రాశాను. నా పేరేమైంది?”

“టైప్ చేశావమ్మా, కాదన్నానా! చిన్న చిన్న మార్పులు...”

“నన్ను తీసెయ్యడం చిన్న మార్పా? గుండె ఆగినవాణ్ణి లేపారు కదా, ఒక్క సంతకం పెట్టలేరా? ఇక్కడే పెట్టండి. ఇప్పుడే.”

“ఎలా పెడతాను జయంతీ?” అరిచేశాడు. “నీది నిజమని రాస్తే నాది అబద్ధమైపోదూ!”



“అన్నా, చాల్లే, ఇక చెప్పకు,” అన్నాడు జగదీష్.

“మరి సైన్ చేశాడా అమ్మమ్మా?” అడిగాడు ఆరుష్.

“లేదురా. డిసెంబరులో వీసా అయిపోయి, జయంతి పెట్టె సర్దుకుని ఇండియా వెళ్లిపోయింది. ఆమె ప్రోగ్రాం ఇక్కడ ఇప్పటికీ నడుస్తోంది.”

“అంకుల్‌కి పనిష్‌మెంట్ లేదా?” అంది స్మృతి.

“మొన్ననే సిటిజన్‌షిప్ వచ్చింది. లేవండి, డ్రయ్యర్‌లో బట్టలు ముడతలు పడుతున్నాయి. మడతపెట్టాలి.”